నూటికి నెలకి ఎంత? తిరుపతిలో యూనివర్సిటీ విద్యార్థులతో డబ్బు గురించి మాట్లాడిన పాఠం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

డబ్బు జాగ్రత్త అని మీ ఇంట్లో రోజూ చెప్తూనే ఉంటారు, దానికోసం నేను రానక్కర్లేదు. మీకు ఒక్క లెక్క నేర్పి పోదామని వచ్చాను. ఆ లెక్క మీ అవ్వకి వచ్చు, మీ నాయనకి వచ్చు, సంతలో మేకలు అమ్మేవాళ్లకి వచ్చు. బీటెక్, ఎంబీఏ చదువుతున్న మీలో చాలామందికి రాదు. అందులో మీ తప్పేం లేదు, ఆ లెక్క మీ కంట పడకుండా ఉండేలాగే ఇప్పటి యాప్‌లు, కార్డులు, ఈఎంఐ ఆఫర్లు తయారవుతున్నాయి. లెక్క ఏమిటంటే, నూటికి నెలకి ఎంత?

నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చాలా ఏళ్లు బ్యాంకు బ్రాంచీల్లో లోన్ల సెక్షన్లోనే పనిచేశాను. పల్లెల్లో అప్పు అడిగేవాళ్లు ఎవరైనా ముందు అడిగేది ఆ ఒక్క మాటే, "ఏం వడ్డీ సార్?" శాతం చెప్తే మళ్లీ అడుగుతారు, "అంటే నూటికి ఎంత పడతాది?" అని. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, మూడంటే 36. ఇది బుర్రలో ఉంటే ప్రపంచంలో ఏ అప్పునైనా పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. మీ నాయన బ్యాంకులో తీసుకున్న పంట రుణం 3 లక్షల లోపు ఉండి, గడువులో కట్టేస్తే కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ పోగా ఆయనకి పడేది ఏడాదికి 4 శాతం. నూటికి నెలకి 33 పైసలు. బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చుకుంటే రూపాయికి కాస్త అటూ ఇటూ. ఊళ్లో ప్రైవేటుగా కుదవ పెడితే రెండు, ఒక్కోచోట మూడు. మీ అమ్మ నగ తీసుకుని గడప దాటేముందు ఈ అంకెలన్నీ మనసులో వేసుకుంటుంది. మీరు ఫోన్లో ఒక బటన్ నొక్కి తీసుకునే అప్పు ఈ వరసలో ఎక్కడ కూర్చుంటుందో ఎప్పుడైనా చూశారా?

ఫోన్‌తోనే మొదలుపెడదాం. 24,000 రూపాయల ఫోన్, 12 నెలల ఈఎంఐ, షాపులో కుర్రాడు చెప్తాడు, "ఏడాదికి 18 శాతమే అన్నా, రూపాయిన్నర వడ్డీ, నెలకి 2,360 కడితే చాలు." లెక్క కరెక్టే అనిపిస్తుంది, 24,000 మీద 18 శాతం 4,320, రెండూ కలిపి పన్నెండుతో భాగిస్తే 2,360 వస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. మొదటి నెల కట్టాక మీరు వాడికి 24,000 బాకీ లేరు. ఆరో నెల కట్టేసరికి దాదాపు సగం తీర్చేసి ఉంటారు. అయినా వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 24,000 మీదే వేస్తున్నాడు. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే ఆ 18 శాతం నిజానికి దాదాపు 32 శాతం అవుతుంది, అంటే మీకు పడేది రూపాయిన్నర కాదు, రెండు రూపాయల అరవై పైసలకి పైనే. ఊళ్లో కుదవ కొట్టు వడ్డీ, ఏసీ షోరూంలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ ఇచ్చి వేశారు.

మరి నో కాస్ట్ ఈఎంఐ అంటారు కదా సార్ అంటారు. అందులో వడ్డీ అంత మొత్తాన్ని డిస్కౌంటుగా తగ్గించి చూపిస్తారు, దానిమీద ప్రాసెసింగ్ ఫీజు వేస్తారు, ఫీజు మీద, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ మీద కూడా, 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఒకేసారి డబ్బు కట్టేవాళ్లకి ఇచ్చే తగ్గింపు చాలాసార్లు మీకు ఇవ్వరు. అందుకే షాపులో ముందు అడగాల్సింది "నెలకి ఎంత" అని కాదు, "ఇప్పుడే మొత్తం కడితే ఎంతకిస్తావు" అని. రెండు అంకెలకీ మధ్య తేడానే మీ వడ్డీ, దానికి వాళ్లు ఏ పేరైనా పెట్టుకోనీండి.

క్రెడిట్ కార్డు సంగతి. కార్డు చెడ్డదని నేను అనను, బిల్లు మొత్తం గడువులోపల కట్టేవాడికి అది దాదాపు ఉచితం. ప్రాణం తీసేది బిల్లులో ఇంకో మూల ఉండే మినిమం డ్యూ అనే అంకె. మీ బిల్లు 10,000 వచ్చింది, మినిమం 500 కడితే చాలు అని ఉంది, హమ్మయ్య అని 500 కట్టేశారు. చాలా కార్డుల్లో వడ్డీ నెలకి మూడున్నర శాతం దగ్గర ఉంటుంది, అంటే ఆ నెల వడ్డీ సుమారు 350, దాని మీద జీఎస్టీ 63. మీరు కట్టిన 500లో 413 అటే పోయింది, మీ అప్పు తగ్గింది 87 రూపాయలు. ఇక్కడ ఇంకోటి కూడా ఉంది, బాకీ కొంచెం మిగిలినా సరే, ఆ తర్వాత కొన్న కొత్త వస్తువులకి వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. జీఎస్టీతో కలిపి నూటికి నెలకి నాలుగు రూపాయల పైన. మన జిల్లాలో ఆ వడ్డీకి అప్పిచ్చేవాణ్ని ఊళ్లో ఏమని పిలుస్తారో మీకు తెలుసు.

ఇక లోన్ యాప్‌లు. దీనిమీద నాకు కోపం ఉంది, అందుకే కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

పలమనేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక కుర్రాడు, తెలిసినవాళ్ల ద్వారా నా దగ్గరికొచ్చాడు. మంచి పిల్లాడు, తాగడు, ఆడడు, పరీక్ష ఫీజు కట్టాల్సిన రోజుకి ఇంటి నుంచి డబ్బు రాలేదు, అంతే. నోట్‌బుక్ తెరిచి వారం వారం రాయించాను. మొదటి యాప్‌లో 5,000 అడిగాడు, ప్రాసెసింగ్ అని, ఇంకేదో అని కోసేసి అకౌంట్లో 3,200 వేశారు. ఏడో రోజుకి 5,000 కట్టాలి. 3,200 మీద 1,800, అంటే నూటికి వారానికే 56 రూపాయలు. అతని దగ్గర 5,000 లేదు. ఇంకో రెండు యాప్‌లు దించుకున్నాడు, వాటిలో 3,200 చొప్పున 6,400 వచ్చింది, మొదటిదానికి కట్టాడు, మిగిలిన 1,400 మెస్‌కి ఇచ్చాడు. రెండో వారం చివర 10,000 కట్టాలి. దానికి నాలుగు యాప్‌ల నుంచి తెచ్చాడు. మూడో వారం చివరికి బాకీ 20,000. చేతికొచ్చింది ఎంత, ఖర్చు పెట్టుకుంది ఎంత అని రెండు గళ్లు గీసి కింద మొత్తం వేయమంటే, పెన్ను పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఏళ్ల పిల్లాడు, ఆ నోట్‌బుక్ వెనక పేజీల్లో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు చేసి ఉన్నాయి.

అతన్ని కుంగదీసింది డబ్బొక్కటే కాదు. ఫోన్లో ఉన్న కాంటాక్టులన్నీ వాళ్ల చేతికి పోయాయి, మేనమామకి ఫోన్ పోయింది, క్లాసులో అమ్మాయిలకి మార్ఫింగ్ ఫొటోలు పోయాయి. 2020 చివర్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ వేధింపులకి ప్రాణాలు పోయాయి, ఆ తర్వాతే ఆర్‌బీఐ ఒక కమిటీ వేసింది. 2021లో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం, అప్పులిస్తామంటున్న యాప్‌లు సుమారు 1,100 కనిపిస్తే అందులో 600 దాకా చట్టవిరుద్ధమైనవే. 2022 సెప్టెంబర్‌లో నిబంధనలు వచ్చాయి, 2025లో వాటిని ఇంకా గట్టి చేశారు. వాటిలో మీకు పనికొచ్చేవి చెప్తాను, రాసుకోండి. అప్పు ఇచ్చేది బ్యాంకో, ఆర్‌బీఐ దగ్గర రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీయో అయ్యుండాలి, యాప్ మధ్యవర్తి మాత్రమే. డబ్బు ఆ బ్యాంకు నుంచి నేరుగా మీ అకౌంట్లోకే రావాలి. యాప్ మీ కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోల ఫైళ్లు ముట్టుకోకూడదు. సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, అందులో అన్ని ఫీజులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒకే అంకెగా ఉంటుంది, దాన్ని ఏపీఆర్ అంటారు. ఆ అంకెని పన్నెండుతో భాగించండి, అవ్వ లెక్క వచ్చేస్తుంది. తీసుకున్నాక వద్దనిపిస్తే కనీసం ఒక రోజు గడువు ఉంటుంది, ఆ లోపల అసలు, ఆ ఒక్క రోజు వడ్డీ కట్టి బయటపడవచ్చు, జరిమానా ఉండదు, ముందే చెప్పిన ప్రాసెసింగ్ ఫీజు మాత్రం కొంత ఉంచుకోవచ్చు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇన్‌స్టాల్ చేస్తుండగానే కాంటాక్టులు అడిగిందంటే ఇంక చూడక్కర్లేదు, అక్కడే తీసేయండి.

ఇప్పుడు అసలు ఆ కుర్రాడికి ఆ 3,200 ఎందుకు కావాల్సొచ్చింది? ఇంటి నుంచి డబ్బు సమయానికి రాలేదు కాబట్టి. దీని గురించి పొదుపు పాఠాలు చెప్పేవాళ్లు మాట్లాడరు. వాళ్లు చెప్పే బడ్జెట్ అంతా ఒకటో తారీఖు జీతం వచ్చే ఇళ్లకి రాసింది. మన ఇళ్లలో ఎంతమందికి ఒకటో తారీఖు ఉంది? మదనపల్లె వైపు టమోటా వేసినవాళ్ల పిల్లలు ఇక్కడ ఉంటారు, 2023 జూలైలో కిలో 150 దాటింది, అదే కాయని రోడ్డు పక్కన పారబోసిన సీజన్లూ మీరు చూశారు. తోతాపురి మామిడి తోటలున్నవాళ్లకి 2025లో ఏమైందో చెప్పక్కర్లేదు, ఫ్యాక్టరీలు కిలోకి 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలు వచ్చేలా చేస్తామని ప్రకటించాల్సొచ్చింది. ఆవులున్న ఇంట్లో పాల బిల్లు పది పదిహేను రోజులకోసారి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడు పడుతుందో ఎవరూ తేదీ చెప్పలేరు. ఇలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్లకి డబ్బు నెలనెలా రాదు, వచ్చినప్పుడు వస్తుంది. కాబట్టి మీ లెక్క కూడా నెల మీద కాకుండా, వచ్చిన రోజు మీద నడవాలి.

ఎట్లా అంటే, డబ్బు అకౌంట్లో పడ్డ రోజే, ఆ సాయంత్రం లోపల, దాన్ని విడదీయండి. ఉదాహరణకి 6,000 వచ్చిందనుకుందాం. రూము, మెస్ కలిపి 4,200 అనుకుంటే అది ఆ రోజే కట్టేయండి, ఓనరు గడువు పదో తారీఖు అయినా సరే, మీ దగ్గర ఉంచుకోవద్దు. మిగిలిన 1,800లో 400 ఇంకో అకౌంట్లో వేయండి, ఆ అకౌంటుకి యూపీఐ లింకు చేయొద్దు. బ్యాంకుల్లో బేసిక్ సేవింగ్స్ అకౌంట్ ఉంటుంది, దానికి మినిమం బ్యాలెన్స్ అక్కర్లేదు, మేనేజర్ లేదంటే ఆర్‌బీఐ రూల్ ఉందని చెప్పండి, వద్దనలేరు. ఆ 400 పరీక్ష ఫీజుకి, జ్వరమొస్తే ఆటోకి, మందులకి. మిగిలిన 1,400, వారానికి 350.

ఆ 350 నిలబడటమే కష్టం, నాకు తెలుసు. టీ 15, పఫ్ 20, జిరాక్స్ 12, ఆటో 20, ఫోన్ చూపించి పోతుంటే డబ్బు ఖర్చయినట్టే అనిపించదు. దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం యూపీఐ లైట్. మీ యాప్‌లోనే ఉండే చిన్న పర్సు లాంటిది. ఆదివారం రాత్రి అందులో 350 వేసి, అయిపోగానే దానంతటదే నింపుకునే ఆటో టాప్‌అప్ ఆపేసి, చిన్న ఖర్చులన్నీ దాంట్లోంచే పెట్టండి. గురువారానికి అది అయిపోయిందంటే మీకు గురువారమే తెలుస్తుంది, నెలాఖరున కాదు. ఈ పని మీరు ఈ హాల్లో కూర్చునే చేయొచ్చు. అలాగే యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, తెరిచి చూడండి, ఎప్పుడో ఒక్క రూపాయి ట్రయల్ అని నొక్కిన సినిమా యాప్ ప్రతి నెలా ఎంత కోసుకుంటోందో అక్కడ కనిపిస్తుంది.

తిరుపతిలో ఉండేవాళ్లకి ఇంకో మాట. బస్టాండు దగ్గర, స్టేషన్ దగ్గర హోటల్ ధర ఏడాదికోసారి వచ్చే యాత్రికుణ్ని చూసి పెట్టింది. మీరు ఇక్కడ నాలుగేళ్లు తినాలి. వీధుల్లోపల అక్కవాళ్లు నడిపే మెస్‌లు వెతుక్కోండి, నెల కార్డు మాట్లాడుకోండి. ఆడపిల్లలకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం ఉంది కదా, శ్రీకాళహస్తి నుంచో పుత్తూరు నుంచో రోజూ వచ్చేవాళ్లకి అది నెలకి చిన్న మొత్తం కాదు, ఆ డబ్బు ఏ ఖర్చులో కలిసిపోతోందో చూసుకోండి, పోస్టాఫీసులో నెలకి 100తో కూడా ఆర్‌డీ, అంటే నెలనెలా వేసే పొదుపు, కట్టవచ్చు. మగపిల్లలు కనీసం స్టూడెంట్ పాస్ తీసుకోండి.

స్నేహితుల దగ్గర చేబదులు తీసుకోవడం తప్పు కాదు, అది లేకపోతే హాస్టల్ జీవితమే నడవదు. కాకపోతే తీసుకున్న రోజే ఎప్పుడిస్తావో చెప్పి వాట్సాప్‌లో ఒక్క లైను పెట్టు. ఇచ్చేవాడికి అది నమ్మకం, నీకది జ్ఞాపకం. కానీ ఒక్క సహాయం మాత్రం ఎవరు అడిగినా చేయొద్దు. "రేయ్, నా సిబిల్ బాగలేదు, నీ ఆధార్ మీద ఫోన్ తియ్యి, ఈఎంఐ నేనే కట్టేస్తా." సిబిల్ అంటే అప్పులు ఎంత సరిగా కడుతున్నారో చెప్పే స్కోరు. రెండు నెలలు కడతాడు. మూడో నెల వాడిక్కూడా ఇంటి నుంచి దుడ్లు రాలేదు, నిజంగానే రాలేదు, వాడు మోసగాడు కూడా కాదు. అప్పు మాత్రం నీ పేరు మీద ఉంది. పోయేది ఫోనూ, స్కోరూ మాత్రమే కాదు, ఆ స్నేహం కూడా పోతుంది, బ్యాంకులో కూర్చుని నేను అలాంటివి చాలా చూశాను.

దానికన్నా ఘోరమైనది, అకౌంట్ అద్దెకివ్వడం. "నీ అకౌంట్ వాడుకుంటాం, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, నెలకి ఇంత ఇస్తాం" అని కాలేజీల చుట్టూ తిరుగుతున్నారు. సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్న డబ్బు అలాంటి అకౌంట్ల గుండానే పోతుంది, పోలీసులు ముందు వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల గుమ్మానికే. నాకేం తెలీదు సార్ అంటే కుదరదు. మీ చదువు, పాస్‌పోర్టు, ఉద్యోగం అన్నీ ఆ కొన్ని వేల రూపాయలకి తాకట్టు పడతాయి.

క్రికెట్ బెట్టింగ్, రమ్మీ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం చేసింది. ఇంకా టెలిగ్రామ్ లింకుల్లో ఆడుతున్నారంటే గెలిచినా ఆ డబ్బు ఇవ్వమని అడగడానికి మీకు ఎవరూ లేరు. ఆప్షన్స్ ట్రేడింగ్, అంటే షేర్ల ధర ఎటు పోతుందో అన్న అంచనా మీద బేరం, చేసేవాళ్లు ఇక్కడ ఉంటారు, చేతులెత్తమని అడగను. షేర్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ 2024లో లెక్కలు బయటపెట్టింది, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ చేసిన కోటి మందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. అప్పు తెచ్చి అందులో పెట్టారంటే అది చదువు ఖర్చు కాదు, దాన్ని ఆ పేరుతో ఇంట్లో చెప్పొద్దు.

మరి అప్పు అసలే వద్దా? ఎడ్యుకేషన్ లోన్ భయపడకుండా తీసుకోండి. తాకట్టు లేదని వెనక్కి పోయే కుటుంబాలు ఉన్నాయి, 4 లక్షల దాకా తాకట్టు అడగకూడదని ఆర్‌బీఐ ఎప్పుడో చెప్పింది, క్రెడిట్ గ్యారంటీ పథకం కింద ఏడున్నర లక్షల దాకా కూడా హామీ లేకుండా ఇస్తారు. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో మీ కాలేజీ జాబితాలో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల దాకా అప్పు మీద, ఈఎంఐ మొదలయ్యేదాకా వడ్డీ రేటులో 3 శాతం కేంద్రం భరించే రాయితీ దొరికే అవకాశం ఉంది. అందుకే చేరకముందే ఆ పథకం పోర్టల్ చూడండి. కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకు ఈఎంఐ మొదలవ్వదు.

కానీ మొదలవ్వదు అంటే వడ్డీ పడదు అని కాదు, ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు మోసపోయినట్టు బాధపడతారు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లకి 4 లక్షలు, 10 శాతం వడ్డీ అనుకుందాం. మొదటి లక్ష మీద ఐదేళ్ల వడ్డీ 50,000, రెండోదాని మీద 40, మూడోదాని మీద 30, నాలుగోదాని మీద 20. ఈఎంఐ మొదలయ్యే రోజుకి మీ బాకీ 5 లక్షల 40 వేలు. ఈ కాలంలో పడేది బారువడ్డీయే, ఆ తర్వాత ఆ లక్షా 40 వేల వడ్డీ మీద కూడా వడ్డీ నడుస్తుంది. మొదటి ఏడాది తీసుకున్న లక్ష మీద వడ్డీ నెలకి 833 రూపాయలు. ట్యూషన్ చెప్పో, బ్రహ్మోత్సవాలప్పుడు లాడ్జి రిసెప్షన్‌లో నిలబడో, పెళ్లి సీజన్లో క్యాటరింగ్‌కి పోయో అందులో సగం కట్టగలిగినా మీ మీద భారం చాలా తగ్గుతుంది. ఒక ఫోన్ ఈఎంఐ కట్టడం మానుకుని ఈ వడ్డీ కట్టినవాళ్లని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

సిబిల్ గురించి ఒక్క మాట చెప్పి ప్రశ్నలకి వస్తాను. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఎడ్యుకేషన్ లోన్‌లో మీ నాయనో అమ్మో కూడా సంతకం పెడతారు కాబట్టి మీరు ఎగ్గొడితే వాళ్ల రికార్డు కూడా పాడవుతుంది, రేపు ఆయన ట్రాక్టర్ లోన్‌కి పోతే అక్కడ ఇది బయటపడుతుంది. బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లు తిరుపతిలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, ఆ నోటిఫికేషన్లు చివరిదాకా చదవండి, అప్పులు సరిగా కట్టిన చరిత్ర ఉండాలని రాసి ఉంటుంది. అప్పుల చరిత్ర బాగాలేదని ఒక బ్యాంకు నియామకం రద్దు చేస్తే, 2025లో మద్రాస్ హైకోర్టు ఆ రద్దు సరైనదే అంది. మూడు వేల లాంటి చిన్న బాకీ మూలంగా ఉద్యోగం పోగొట్టుకోవడం నాకు తలచుకుంటేనే కష్టంగా ఉంటుంది. ఈ స్కోరు వేసే నాలుగు క్రెడిట్ కంపెనీలు ఏడాదికి ఒక్కో రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, మీ పేరు మీద మీకు తెలియని అప్పు ఏదైనా ఉందా చూసుకోండి.

(ఒక విద్యార్థిని: సార్, స్కోరు పెరగాలంటే ఇప్పటినుంచే క్రెడిట్ కార్డు తీసుకోవాలి అంటున్నారు.)

లేదమ్మా, తొందర లేదు. నీకు ఆదాయం వచ్చాక తీసుకో, స్కోరు ఏడాదిలోపే తయారవుతుంది. ఒకవేళ కావాలనే అనుకుంటే, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డులు ఉంటాయి, నీ డబ్బే హామీ. దాంతో నెలకి ఒక్క రీచార్జి చెయ్యి, బిల్లు మొత్తం కట్టు, అంతకుమించి వాడకు.

(ఇంకో విద్యార్థి: ఇప్పటికే మూడు యాప్‌లలో ఇరుక్కున్నవాళ్లు ఏం చేయాలి సార్? నా ఫ్రెండ్ గురించి అడుగుతున్నా.)

ఫ్రెండ్ అయినా నువ్వైనా ఒకటే నాయనా, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మొదటి పని, ఈ రాత్రే ఇంట్లో ఒక్కరికి చెప్పు. నాయనకి భయమైతే అమ్మకి, కాదంటే అక్కకి, బావకి. నేను చెప్పిన పలమనేరు కుర్రాడు మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు, ఆ మూడు వారాల్లోనే 3,200 కాస్తా 20,000 అయ్యింది. తిడతారు, ఒక రోజు తిడతారు. ఏజెంట్ ఫోన్ చేసి చెప్పడం కన్నా నువ్వు ముందు చెప్పడం వాళ్లకి ఎంతో మేలు. రెండోది, ఒక యాప్‌కి కట్టడానికి ఇంకో యాప్ నుంచి తేవడం ఇవాళ్టితో ఆపేయి, కట్టలేకపోయినా సరే ఆపేయి. మూడోది, కాగితం మీద రాయి, ఏ యాప్, దాని వెనక ఏ కంపెనీ, చేతికొచ్చింది ఎంత, కట్టింది ఎంత. వెనక బ్యాంకు గానీ రిజిస్టరైన కంపెనీ గానీ ఉంటే అది అసలైన అప్పు, కట్టాలి, వాళ్లకి మెయిల్ పెట్టి వాయిదాలు అడుగు, చాలాసార్లు ఒప్పుకుంటారు. వాళ్లు పద్ధతి తప్పితే ముందు ఆ కంపెనీకే రాసిపెట్టు, నెలలోపు జవాబు లేకపోతే ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి పో, వివరాలకి 14448 నంబరు. వెనక ఎవరూ లేని యాప్ అయితే ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. బెదిరింపులు, ఫొటోలు అంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, స్క్రీన్‌షాట్లు, కాల్ నంబర్లు ఏదీ డిలీట్ చేయకు. ఫొటోలు పంపుతామని బెదిరిస్తే డబ్బు కట్టొద్దు, కట్టాక ఇంకా అడుగుతారు. నీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకి నువ్వే ఒక మెసేజ్ పెట్టు, నా పేరుతో ఏదైనా వస్తే నమ్మొద్దు అని, దాంతో వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం సగం పోతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టక, ఇంక బతికి ఏం లాభం అనిపిస్తే మాత్రం ఒంటరిగా గదిలో ఉండొద్దు, పక్క రూము తలుపు కొట్టు, 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో చెప్పాక వాళ్లు బంగారం పెట్టి తీరుస్తామంటే ప్రైవేటు కుదవకి పోనివ్వకు, నువ్వే దగ్గరుండి బ్యాంకుకి తీసుకెళ్లు, ఆ నగ విడిపించే బాధ్యత నీ పేరు మీద రాసుకో. యాప్ అప్పు తీరిపోయిన రోజు బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ అడిగి తీసుకో, సెటిల్‌మెంట్ (తగ్గించి కట్టారు) అని కాకుండా క్లోజ్డ్ (మొత్తం తీరింది) అని రిపోర్టులో పడేలా చూడు, నెల తర్వాత ఒకసారి సిబిల్ తీసి సరిచూసుకో. అలా పడకపోతే ఆ లెటర్‌తో స్కోరు వేసే క్రెడిట్ కంపెనీకి రాసిపెట్టు, సరిచేయడానికి వాళ్లకి 30 రోజులు గడువు.